ఊపిరికి ఆగే చోటు

పూజ్యులైన వదిన గారికి,

మీ మరదలు వందనాలతో రాస్తున్నది. మేమిద్దరం క్షేమంగానే ఉన్నాం. ఒంటి వరకు ఈ మాట నిజమే. మీ తమ్ముడికి బీపీ అదుపులో ఉంది, నా మెడనొప్పి మామూలే. అమ్మాయీ అల్లుడూ ఫోన్ చేస్తూనే ఉన్నారు. మీ మోకాలు ఇప్పుడు మెట్లు ఎక్కనిస్తోందని చదివి సంతోషించాను. ఎక్కనిస్తోంది కదా అని ఊరికే ఎక్కి దిగకండి.

మీ ఉత్తరంలో కబుర్లకంటే ప్రశ్నలే ఎక్కువున్నాయి. ఒక పని సగంలో వదిలి ఇంకోటి పట్టుకుంటే నాకు తోచదని మీకు తెలుసు. అందుకని మీరు అడిగిన వరసలోనే జవాబులు రాస్తాను. చివర అడిగినదానికి చివరే జవాబు. మధ్యలో పేజీలు తిప్పేసి అక్కడికి వెళ్లకండి, దయచేసి.

మొదట బడి సంగతి. వీడ్కోలు సభ ఎలా జరిగింది, ఫొటోలు పంపలేదేం అని అడిగారు. సభ జరగలేదు, ఫొటోలు లేవు. ఆయన రిటైరయ్యే నాటికి ఆ బడిలో సంగీతం పీరియడే లేదు. పరీక్షల కోచింగ్‌కు గదులు చాలడం లేదని సంగీతం గది తీసుకున్నారు. పియానోను మెట్ల కిందికి తోసి, దాని మీద సున్నం బస్తాలు పెట్టారు. మీ తమ్ముణ్ణి మాత్రం తోసేయలేరు కదా, ఎవరు సెలవు పెడితే వాళ్ల క్లాసులో కూర్చోబెట్టేవారు. పిల్లలు ఆయనకు 'ఖాళీ పీరియడ్ సారు' అని పేరు పెట్టారు. ఆయనే నవ్వుతూ ఇంటికొచ్చి చెప్పారు. నవ్వి, అన్నం సగం వదిలేసి లేచారు.

ఆఖరి రోజు మధ్యాహ్నం టీచర్ల గదిలో హెడ్మాస్టరు ఒక ఫ్లాస్కు చేతిలో పెట్టి, మీలాంటివారు మళ్లీ దొరకరు అన్నాడట. ఆటల పోటీల్లో మిగిలిపోయిన ఫ్లాస్కు అది. పెట్టె మీద 'రెండో బహుమతి' అన్న చీటీ అలాగే ఉంది. ఆయన కాళ్లు కడుక్కుని వచ్చేలోగా గోరుతో గీకి తీసేశాను. ఫ్లాస్కు మాత్రం మంచిదే, వేడి నిలుస్తోంది.

రెండోది, ఇంటి దగ్గర నేర్చుకునే పిల్లలు. ఒకప్పుడు వాకిట్లో చెప్పులు దాటుకుంటూ లోపలికి రావాల్సి వచ్చేదని మీరు రాశారు. ఇప్పుడు ఇద్దరు వస్తున్నారు. మొన్న ఒకావిడ తన కూతుర్ని తీసుకొచ్చింది. వార్షికోత్సవానికి ఒక పాట కావాలట, ఆ ఒక్క పాటే. ముందు వేళ్లు తిరగాలమ్మా, కొన్నాళ్లు సాధన చేయాలి అని ఈయన మొదలుపెట్టేసరికి, "సాధనలు వద్దు సార్, ఏ వేలు ఎక్కడ పెట్టాలో చెప్పేయండి చాలు, మిగతాది అది చూసుకుంటుంది" అంది. ఏ వేలు ఎక్కడ పెట్టాలో చెప్పడానికే ఈయనకు ఒక జన్మ పట్టిందని ఆవిడకెలా తెలుస్తుంది? మీ తమ్ముడు ఒప్పుకున్నారు. ఈమధ్య అన్నిటికీ ఒప్పుకుంటున్నారు. మీ ఫోన్ ఎత్తకపోవడానికి కారణం కూడా అదే అనుకుంటాను. మీరు గట్టిగా అడిగితే ఆయన నిజం చెప్పేస్తారు.

ఇక మూడోది. "చర్చిలో వాయించడం ఎందుకు మానేశాడు? నువ్వేమైనా అన్నావా?" అని రాశారు. పెళ్లిచూపుల్లో కూడా మీరు ఇలాగే అడిగారు. పాడతావా అన్నారు. రాదన్నాను. "అయితే వీడి వాయింపు ఎవరు వింటారు?" అని మీ అమ్మగారి వైపు తిరిగారు. నాకు సంగీతం రాదన్నది ఇప్పటికీ నిజమే. కానీ పెళ్లయిన మొదటి ఏడాది నుంచి ఆర్గన్ పక్కన నిలబడి పేజీలు తిప్పింది నేనే. ఆయన కాళ్లతో పెడల్స్ తొక్కేటప్పుడు వేసుకునే పల్చటి తోలు బూట్లు దుమ్ము అంటకుండా గుడ్డసంచీలో పెట్టి తీసుకెళ్లిందీ నేనే. ఏ స్వరం ఏమిటో నాకు తెలియదు. ఆయన ఎక్కడ ఆగుతారో మాత్రం తెలుసు.

మీకు అర్థమయ్యేలా చెప్పాలి, ఎందుకంటే తర్వాత సంగతంతా దీని మీదే ఉంది. ఆర్గన్ వాయించేవాళ్లు జనానికి వీపు పెట్టి కూర్చుంటారు. వెనక ఏం జరుగుతోందో చూడటానికి ఎదురుగా ఒక చిన్న అద్దం ఉంటుంది. మీ తమ్ముడు ఆ అద్దంలో పాస్టర్ గారి కంటే జనాన్నే ఎక్కువ చూసేవారు. లైను అయ్యాక వాళ్లు ఊపిరి తీసుకున్నారో లేదో చూసి రెండో లైనుకు వెళ్లేవారు. మూడో వరసలో కూర్చునే మామ్మ ఒకావిడ ఉంది. ప్రతి లైను చివరి అక్షరాన్నీ దారం తీసినట్టు తీస్తుంది. అందరూ ఆవిణ్ణి సాగుడు మామ్మ అంటారు. ఆవిడ గడ్డం కిందికి దిగేదాకా ఈయన వేలు కదిలేది కాదు. పాట వెనకబడుతోందని ఒకసారి గాయక బృందంలో పిల్లలు గొడవపెట్టారు. "ఆవిడ ఆరాధనకు వచ్చింది, బస్సు పట్టుకోవడానికి కాదు" అన్నారు ఈయన. ఆయన ఎవరినైనా ఎదిరించి మాట్లాడగా నేను విన్నది ఆ ఒక్కసారే.

గాలి తిత్తులతో మోగే పాత ఆర్గన్ చిరుగులు పడి మూలకు చేరాక, కరెంటుతో పనిచేసే కొత్తది తెప్పించారు. మనం వాయించింది మొత్తం అది దాచుకుంటుంది. తర్వాత పాట నంబరు నొక్కితే చాలు, కనపడని మనిషెవరో కూర్చుని వాయించినట్టు మోగుతుంది. కమిటీ సెక్రటరీ ఇంటికొచ్చి, అన్నా, మీకు జ్వరం వచ్చిన ఆ రెండు ఆదివారాలు మేం అనాథలమైపోయాం, పాటలన్నీ ఒకసారి అందులో వాయించి పెట్టండి, మీకు ఎప్పుడైనా ఒంట్లో బాగోకపోతే పనికొస్తాయి అన్నాడు. మీ తమ్ముడు పొంగిపోయారు. ఎండాకాలం సెలవులన్నీ దానికే పెట్టారు.

ఆ యంత్రంతో వచ్చిన పుస్తకం ఆయన తెరవనైనా తెరవలేదు. నేను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. కుక్కరు కొన్నా అలాగే చదువుతానని మీకు తెలుసు. ఆయన వాయించేవారు, నేను మీట నొక్కేదాన్ని. చప్పుడు వస్తుందని ఫ్యాన్లు కూడా ఆపేవాళ్లం. చొక్కా వీపుకు అంటుకుపోయేది. బెంచీలన్నీ ఖాళీ. అయినా ప్రతి లైను చివరా ఆయన తలెత్తి అద్దంలో చూసి, ఆగి, అప్పుడు ముందుకు వెళ్లేవారు. మూడో రోజో నాలుగో రోజో ఉండబట్టలేక అడిగాను, ఎవరి కోసం ఆగుతున్నారని. ఆయన నా వైపు వింతగా చూశారు.

"ఆగానా?" అన్నారు.

అలా ఆయన పాటలతో పాటు ఆయన ఆగే చోట్లు కూడా ఆ పెట్టెలోకి వెళ్లాయి.

తర్వాత జరిగింది మీరు ఊహించగలరు. ఏరు దాటాక తెప్ప తగలేశారు. అదీ ఒక్కసారిగా తగలేయలేదు, పుల్లపుల్లగా. పెట్టె ఎలా పనిచేస్తుందో చూద్దామని ఒక ఆదివారం అన్నారు. ఈ వారం కూడా విశ్రాంతి తీసుకోండి అన్నా అని ఇంకో ఆదివారం. మైకులకు చోటు చాలడం లేదని బెంచీ తీసి సామాన్ల గదిలో పడేశారు. ఆర్గన్ మీద గుడ్డ పరిచి పూలకూజా పెట్టారు. మిమ్మల్ని తీసేశాం అని ఎవరూ అనలేదు వదినా. తీసేయడానికి కూడా ఒక మాట కావాలి కదా, ఆ మాటైనా ఆయన కోసం ఖర్చు పెట్టలేదు. నేనేమీ అనలేదు. అనాల్సినవాళ్లను కూడా అనలేదు, అదే నా తప్పు.

ఆదివారాలు నా పక్కన కూర్చుని తన వాయింపు తానే వినేవారు. పాటల పుస్తకం మీద వేళ్లు కదులుతూ ఉండేవి. కొత్తగా చేరిన కుర్రకారుకు ఆ పెట్టె నచ్చలేదు. లైను చివర అది ఆగినప్పుడు వీళ్లు ముందుకు దూకి నాలుక కరుచుకునేవారు. "పెట్టె నిద్రపోయింది, తట్టి లేపండ్రా" అని ఒకడు అంటే వరసంతా కిసకిసలాడింది. ముందు వరసలోనే కూర్చున్న ఆయనకు వినపడకుండా ఉంటుందా? సాగుడు మామ్మ ఒక్కత్తే సుఖంగా పాడుకునేది, తన కోసం పెట్టి వెళ్లిన చోట్లలో.

ఇప్పుడు మీ చివరి మాట. "వాడు వాయించినవన్నీ ఆ మిషన్లో ఉన్నాయట కదా, ఎవరిచేతనైనా ఒక కాపీ తీయించి పంపు, కన్ను మూసేలోగా తమ్ముడి చెయ్యి వింటాను" అని రాశారు. నాలుగు రోజులుగా మీ ఉత్తరానికి జవాబు రాయకపోవడానికి కారణం ఈ వాక్యమే.

పంపడానికి ఏమీ లేదు వదినా. అన్నీ చెరిగిపోయాయి. చెరిపింది నేను.

మీ ఉత్తరం రావడానికి కొంచెం ముందు సంగతి. చర్చి శుభ్రం చేసే వంతు నాకు వచ్చింది. ఆర్గన్ మీద దుమ్ము తుడుద్దామని పూలకూజా ఎత్తాను. గుడ్డ తడిసి, కింద చెక్క మీద గుండ్రంగా మచ్చ పడి ఉంది. ఆవేశంలో చేశానని మీకు రాయవచ్చు, కానీ అది నిజం కాదు. గుడ్డ తీసి ఆరేశాను. మచ్చ తుడిచాను, పోలేదు. నిదానంగా ఆలోచించాను. ఇందులో ఈయన ఉన్నంతకాలం ఈయనతో పనిలేదు, ఇది ఖాళీ అయితే పిలవక చస్తారా అనుకున్నాను. అన్నీ ఒకేసారి చెరిపేది ఎలాగో పుస్తకంలో చదివి ఉన్నాను. నిజంగానే చెరపమంటావా అని ఆ యంత్రం రెండుసార్లు అడిగింది. పెట్టెకైనా ఆ మర్యాద ఉంది. రెండుసార్లూ అవునని నొక్కి, మిగతా బెంచీలు తుడిచి, తాళం వేసి ఇంటికొచ్చాను.

ఆ ఆదివారం సెక్రటరీ నంబరు నొక్కాడు, మోగలేదు. మళ్లీ నొక్కాడు. జనమంతా మెల్లగా మీ తమ్ముడి వైపు తిరిగారు. పిలవగానే ఆయన లేచి వెళ్లారు. కూర్చోవడానికి బెంచీ లేదు, ప్లాస్టిక్ కుర్చీ వేశారు. అది మరీ కిందికి ఉంది. పాటల పుస్తకాలు నాలుగు పేర్చుకోమని ఎవరో అంటే, వాటి మీద కూర్చోనన్నారు. మోకాళ్లు ఛాతీకి తగులుతుండగా, వట్టి కాళ్లతో పెడల్స్ తొక్కుతూ వాయించారు. నేను పక్కన నిలబడి పేజీలు తిప్పాను. ఎంతో తృప్తిగా అనిపించింది. నా అంచనా తప్పలేదనుకున్నాను.

ఇంటికొచ్చాక వరండాలో కూర్చున్నారు. కాఫీ తీసుకెళ్లి ఇచ్చాను. పుచ్చుకుని, తాగకుండా పట్టుకుని కూర్చున్నారు. కాసేపటికి, "నా తర్వాత అదొక్కటైనా మిగులుతుందనుకున్నాను" అన్నారు.

ఆయన దాన్ని అలా చూస్తున్నారని నాకు తెలియదు వదినా. వాళ్లు ఎగతాళి చేస్తున్నా అక్కడ కూర్చుని వినడానికి వెళ్లింది అందుకట. నేను దాన్ని ఆయన స్థానంలో కూర్చున్న దొంగలా చూశాను. ఆయన చేతులు, ఆయన ఆగిన చోట్లు, ఎండాకాలమంతా కార్చిన చెమట, అన్నీ ఒక్క వేలితో తుడిచేశాను. అప్పుడే చెప్పేయాల్సింది. చెప్పి ఉంటే ఏం చేసేవారో కూడా నాకు తెలుసు. నన్ను ఒక్క మాట అనేవారు కాదు. నేరుగా పాస్టర్ గారి దగ్గరికి వెళ్లి, నా భార్య తరఫున క్షమించండి అని తలవంచుకుని నిలబడేవారు. అది నేను భరించలేను. వాళ్ల ముందు ఆయన ఇంకొక్కసారి తలవంచడం నేను చూడలేను.

సోమవారం పాస్టర్ గారూ సెక్రటరీ ఇంటికొచ్చారు. మళ్లీ బెంచీ వేస్తాం, ప్రతి ఆదివారం రండి అంటారని నేను మంచి కప్పులు తీశాను. సెక్రటరీ బిస్కెట్టు టీలో ముంచుతూ అసలు సంగతి చెప్పాడు. కరెంటు ఎక్కువ తక్కువలవడం వల్ల పాటలు పోయాయట. నా మీద ఎవరికీ అనుమానం లేదు. ఇంటావిడకు ఏం తెలుస్తుందని కాబోలు. ఇంకోసారి అన్నీ వాయించి పెట్టాలట. ఈసారి వాళ్ల మేనల్లుడు కంప్యూటరు తెచ్చి ఎప్పటికప్పుడు ఇంకో చోట కూడా దాస్తాడట, అమ్మగారికి శ్రమ ఉండదు అని నా వైపు చూసి నవ్వాడు.

"ఇంకొక్క మాట అన్నా. పోయినసారి మధ్యమధ్యలో ఖాళీలు వచ్చేశాయి. తప్పు కాదులే, వయసు కదా. ఈసారి ఖాళీలు లేకుండా, తాళం మిషన్ పెట్టుకుని గబగబా వాయించేయండి."

మీ తమ్ముడు ఎప్పటి నుంచి రమ్మంటారు అని అడిగారు. అంతే. వాళ్లు టీ పూర్తిగా తాగనైనా లేదు.

వాళ్లు వెళ్లాక అడిగాను, ఎందుకు ఒప్పుకున్నారని. ఆ పని కాగానే మళ్లీ పూలకూజా పెడతారని తెలియదా అన్నాను. తెలుసన్నారు. అయినా ఆ పది రోజులైనా కూర్చోనిస్తారు కదా అన్నారు.

కాబట్టి వదినా, ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇది. వచ్చే నెల మొదటి వారంలో మొదలుపెడతారు. నా మాట ఆయన వినరు. సంగీతం విషయంలో నా మాటకు ఈ ఇంట్లో ఎప్పుడూ విలువ లేదు. అందుకు ఆయన్ను తప్పుపట్టను. ఆయన కాదనలేనిది మిమ్మల్నొక్కరినే. చిన్నప్పుడు చెయ్యి పట్టుకుని ఆర్గన్ ముందు పీట మీద కూర్చోబెట్టింది మీరు, లేవమని కూడా మీరే రాయండి. ఆగకుండా వాయిస్తే అది నీ చెయ్యి కాదురా అని రాయండి. నేను చేసిన పని చెప్పాలనిపిస్తే చెప్పండి. నన్ను ఏమనాలనిపించినా అనండి, ఈసారి నేను పడతాను. కానీ త్వరగా రాయండి.

ఇక్కడిదాకా నిన్న రాసి, మిగతాది పొద్దున పూర్తి చేద్దామని మడిచి పెట్టాను. పొద్దున జరిగింది కూడా రాయాలి.

సోమవారం నుంచి ఆయన ఇంట్లో ఉన్న చిన్న కీబోర్డు మీద సాధన చేస్తున్నారు. పక్కన తాళం మిషన్ టక్కుటక్కుమని కొడుతూ ఉంటుంది. లైను చివరికి వచ్చేసరికి చేతులు వాటంతటవే ఆగిపోతాయి, మిషన్ ముందుకు వెళ్లిపోతుంది. నాలుక చప్పరించుకుని, పిల్లలకు చెప్పినట్టే తనకు తాను చెప్పుకుంటారు, మళ్లీ మొదటి నుంచి అని. నిన్న సాయంత్రం చేతి మీద తానే ఒక్కటి కొట్టుకున్నారు. పొయ్యి దగ్గర నుంచి చూశాను. వదిలేయండి, చెయ్యి వినడం లేదు కదా అన్నాను. వింటుందిలే, నేర్పితే వింటుంది అన్నారు. మనసులో నేను ఆ చేతులకే దండం పెట్టుకున్నాను, వినొద్దని.

ఇవాళ పొద్దున కూర తరుగుతున్నాను. ముందు గదిలో పాట మొదలైంది. మొదటి లైను అయింది, రెండోది అయింది, మూడోది అయింది. కత్తిపీట దగ్గర చెయ్యి ఆపి విన్నాను. చరణం తర్వాత చరణం, మిషన్ చప్పుడుతో సమానంగా, ఎక్కడా తేడా లేకుండా చివరిదాకా వచ్చేసింది. ఎవరు వాయిస్తున్నారో తెలియనంత సాఫీగా వచ్చింది. తర్వాత ఆయన వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డారు. మొహం కడిగినట్టు తేటగా ఉంది.

"విన్నావా? ఎక్కడా ఆగలేదు."

విన్నానన్నాను.

"ఎలా ఉంది?"

ఇన్నేళ్లలో ఆయన నన్ను ఈ మాట అడగడం ఇదే మొదటిసారి. బాగుందన్నాను. ఆయన వెళ్లి రెండో పాట మొదలుపెట్టారు. మీరిక రాసినా లాభం లేదేమో వదినా. అయినా ఉత్తరం అంటించి, మధ్యాహ్నం వెళ్లి పోస్టులో వేస్తాను.

ఇట్లు,
ఆయన ఆగడం మీకు వినిపించలేకపోయిన
మీ మరదలు